ముసలివాళ్ళ పొద్దుటి దగ్గును నొక్కేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

నా వయసు 73. చిత్తూరులో ప్రభుత్వ లాబ్ టెక్నీషియన్‌గా 1979లో చేరి 2010లో రిటైరయ్యాను. ఆ 31 ఏళ్ళూ నేను చేసిన పని ఒకటే. జనం దగ్గి తెచ్చిన తెమడను (మా వైపు గల్ల అంటాం) గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో క్షయ క్రిముల కోసం వెతకడం. ఇప్పుడు నేనూ మా ఆయనా తిరుపతిలో, బైరాగిపట్టెడలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. గల్ల గురించి పేపరుకు ఉత్తరమా అని చదివేవాళ్ళు మొహం చిట్లించుకోవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి. మీ ఇంట్లోనూ 70 దాటినవాళ్ళు ఉండే ఉంటారు.

పోయిన ధనుర్మాసంలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక కాగితం అంటించారు. ‘పెద్దవారు ఉదయం ఆరు గంటలలోపు బాల్కనీలలో గట్టిగా దగ్గడం, గొంతు సవరించుకోవడం చేయరాదు. తోటివారికి అసౌకర్యం కలుగుచున్నది’ అని. పేరు రాయలేదు. కానీ మా అంతస్తులో ఆ వేళకు లేచి దగ్గేది మా ఆయన ఒక్కరే. ఆయనకు 78 ఏళ్ళు. బీడీ, సిగరెట్టు జన్మలో ముట్టలేదు. నాలుగున్నరకు లేచి చెంబెడు నీళ్ళు తాగి, వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఒక పావుగంట దగ్గుతారు. ముందు ఖళ్ళుఖళ్ళుమని రెండు మూడు, తరవాత గొంతు గీరుతున్నట్టు ఒక చప్పుడు, ఆఖరికి కాస్త తెల్లటి గల్ల పడుతుంది. అది పడితే ‘హమ్మయ్య’ అని మొహం కడుక్కుని కాఫీకి వస్తారు. పదేళ్ళుగా ఇదే వరస.

ఆ కాగితం చూసిన మరుసటి రోజు నుంచి ఆయన దగ్గడం మానేశారు. దగ్గు వస్తే తువ్వాలు నోటికి అదుముకుని, గుటకలు మింగి ఆపుకునేవారు. ‘ఎందుకులే, పక్కింట్లో చంటిబిడ్డ ఉంది గదా’ అన్నారు. ఆయన మాట పడే మనిషి కాదు. మా అబ్బాయి మందుల షాపుకెళ్ళి ‘నాయనకు దగ్గు’ అని చెప్తే, చీటీ అడగకుండానే ఒక సిరప్ సీసా ఇచ్చారు. రాత్రి పడుకోబోయే ముందు రెండు మూతలు. ఆ మూతలో మందు పోసి ఇచ్చింది నేనే. తెమడతో 31 ఏళ్ళు బతికినదాన్ని, ఆ సీసా మీద ఏం రాసుందో చదవకుండా పోశాను. మూడు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అందరం సంతోషించాం.

నాలుగో రోజు పొద్దున ఆయన నన్ను ‘అక్కా’ అని పిలిచారు. వాళ్ళక్క పోయి ఇరవై ఏళ్ళు. ఒళ్ళు ముట్టుకుంటే జ్వరం లేదు. దగ్గు లేదు. నొప్పి అనలేదు. కానీ మనిషి ఏదో మగతలో ఉన్నట్టు ఉన్నారు, ఊపిరి గబగబా ఆడుతోంది. గడియారం చూసి లెక్కపెడితే నిమిషానికి 32. మామూలుగా 20 లోపు ఉండాలి. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా మూసుకుపోయి ఉంది. న్యుమోనియా. తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. బతికి వచ్చారు. అందుకే ఈ ఉత్తరం రాసే ఓపిక నాకు మిగిలింది.

సిరప్ వల్లే న్యుమోనియా వచ్చిందని డాక్టరుగారు అనలేదు. నేనూ అనను. ఆ వయసులో ఎవరికైనా రావచ్చు. కానీ రోజూ బయటికి పోవలసింది నాలుగు రోజులు లోపలే ఉండిపోయిందన్న సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. ముసలివాళ్ళ పొద్దుటి దగ్గంటే ఏమిటో ఆ కాగితం రాసినవాళ్ళకు తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మన ఊపిరి గొట్టాల లోపలి గోడ మీద పల్చటి జిగురు పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అదే శ్లేష్మం. అందులో నూటికి 97 వంతుల దాకా నీళ్ళే, తక్కినది జిగురు, ఉప్పు, క్రిముల్ని చంపే పదార్థాలు. అది రోగం కాదు, రక్షణ. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్ కంటే ముందు, 1921లో, క్రిముల్ని కరిగించే లైసోజైమ్‌ను కనిపెట్టింది జలుబు చేసిన ముక్కు చీమిడిలోనే. రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి పీలుస్తాం. అందులోని దుమ్ము, పొగ, పుప్పొడి, క్రిములు ఆ జిగురుకు అంటుకుంటాయి. మరి అంటుకున్నది బయటికి పోయేదెట్లా? ఆ జిగురు కింద గోడ మీద కోట్ల కొద్దీ సన్నని నూగు ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో శైలికలు అంటారు. ఒక్కో కణం మీద 200 దాకా ఉంటాయి, ఒక్కో దాని పొడవు మిల్లీమీటరులో నూటయాభయ్యో వంతు. సెకనుకు పది పన్నెండు సార్లు కొట్టుకుంటాయి. అన్నీ ఒక్కసారిగా కాదు, ఒకదాని వెనక ఒకటి. నారుమడి మీద గాలి పోతుంటే అల కదిలినట్టు అనుకోండి. ముందుకు కొట్టేటప్పుడు నిటారుగా లేచి, వెనక్కి వచ్చేటప్పుడు వంగి వస్తాయి. అందుకని జిగురు ఎప్పుడూ గొంతు వైపే జరుగుతుంది. అట్లా పైకి వచ్చినదాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం, కడుపులో ఆమ్లం దాని సంగతి చూసుకుంటుంది. వయసులో ఉన్నవాడికి ‘గల్ల’ అన్న మాటే గుర్తు రాదంటే కారణం ఇదే. అతనికి గల్ల లేక కాదు.

ఈ నూగు ఊపిరి సంచుల దాకా ఉండదు. సన్న గొట్టాలతోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి లోపల కాపలా కాసేవి వేరే, దుమ్మును మింగే పెద్ద కణాలు. అవి కడుపు నింపుకుని నూగు ఉన్న చోటికి చేరి, ఆ జిగురుతో పాటు పైకి వస్తాయి. వీటిని నేను కళ్ళారా చూశాను. క్షయ పరీక్షలో తెమడకు ఎర్ర రంగు వేసి, మంట మీద వేడిచేసి, ఆమ్లంతో కడిగి, పైన నీలం రంగు వేస్తాం. క్షయ క్రిములు ఉంటే నీలంలో సన్నని ఎర్ర కడ్డీల్లా కనిపిస్తాయి. వాటి కోసం వెతుకుతుంటే ఒక్కోసారి క్రిములేమీ లేని పలక మీద పెద్ద పెద్ద కణాలు కనబడేవి, కడుపునిండా నల్లటి రేణువులతో. చీటీ తిప్పి చూస్తే చాలామటుకు ఆడవాళ్ళే. పెనుమూరు వైపు, బంగారుపాళ్యం వైపు పల్లెలవాళ్ళు. బీడీ తాగినవాళ్ళు కాదు. చెరకు గానుగ దగ్గర బెల్లం వండేటప్పుడు పొయ్యిలోకి పిప్పి తోసినవాళ్ళు, ఇంట్లో కట్టెల పొయ్యి ఊదినవాళ్ళు. మా అమ్మ కూడా గానుగ పొయ్యి దగ్గర కూర్చున్న మనిషే. చివరి పదేళ్ళూ పిల్లికూతలతో బతికింది. చిత్తూరు బెల్లం తీపి గురించి అందరం చెప్పుకుంటాం, దాని పొగ ఎవరి రొమ్ములోకి పోయిందో మాత్రం ఎవరూ తలుచుకోరు.

ఇక వయసు మాట. పొగ తాగకపోయినా, ఏ జబ్బూ లేకపోయినా ఈ నూగు ముసలిదవుతుంది. 40 దాటినవాళ్ళ ముక్కులో నూగు కొట్టుకునే వేగం తగ్గుతుందనీ, నూగు లోపల ఉండే దారాల అమరిక అక్కడక్కడా చెదిరిపోతుందనీ పరిశోధకులు చూశారు. ముక్కులోపల చిన్న సాకరిన్ పలుకు పెట్టి, గొంతులో తీపి తెలియడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టే పరీక్ష ఒకటుంది. మామూలుగా ఇరవై నిమిషాల లోపే తీపి తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆలస్యమవుతుంది. పెద్ద గాలిగొట్టంలో జిగురు నిమిషానికి కొన్ని మిల్లీమీటర్లు పైకి జరుగుతుంది. పొగతాగని ముసలివాళ్ళలో కూడా ఆ నడక యువకుల కంటే నెమ్మది, ఒక పరిశీలనలో ఇంచుమించు సగమే. పైగా ముసలితనంలో దాహం తెలియదు. బీపీకి నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వాడుతుంటే ఒంట్లో నీళ్ళు ఇంకా తగ్గుతాయి. నూగు కొట్టుకోవాలంటే జిగురు కింద పల్చటి నీటి పొర ఉండాలి. అది ఎండితే బురదలో దిగిన బండి చక్రమే.

అట్లా ఈ నూగనే మొదటి చీపురు నెమ్మదించినప్పుడు ఒళ్ళు రెండో చీపురు పట్టుకుంటుంది. అదే దగ్గు. మా ఆయన పొద్దున్నే చేసేది ఆ ఊడుపే. అది దురలవాటూ కాదు, పక్కింటివాళ్ళ మీద కక్షా కాదు. నిద్రలో నూగు ఇంకా నెమ్మదిస్తుంది, దగ్గు కూడా అణగి ఉంటుంది. కాబట్టి రాత్రంతా పోగైనది తెల్లారి లేచి నిలబడగానే కదులుతుంది. మా లాబులో ఇదే మాకు ఆధారం. తెమడకు మూడు డబ్బాలు ఇచ్చే రోజుల్లో, వచ్చినప్పుడు ఒకటి, మర్నాడు ఇంటి దగ్గర లేవగానే ఒకటి, తెచ్చి ఇచ్చేటప్పుడు ఇంకొకటి తీసుకునేవాళ్ళం. వాటిలో పొద్దుటిదే మేలైనది. చిక్కగా ఉండేది, క్రిములుంటే అందులోనే దొరికేవి. ‘మూడుసార్లు ఊపిరి నిండా పీల్చి, అడుగునుంచి దగ్గి తీసుకురా నాయనా, ఉమ్మి తేవద్దు’ అని ఎన్ని వేలమందికి చెప్పానో. దగ్గమని ఊరందరికీ చెప్పినదాన్ని, ఇంట్లో దగ్గే మనిషికి మూత నిండా మందు పోశాను.

ఈ రెండో చీపురు కూడా ముసలితనంలో అరిగేదే. దగ్గాలంటే ముందు ఊపిరి నిండా పీల్చాలి, గొంతు మూసి, కడుపు బిగించి, ఒక్కసారిగా వదలాలి. పక్కటెముకలు బిగుసుకుపోయి, రొమ్ము కండలు సన్నబడిన మనిషికి అంత గాలి ఎక్కడిది? పిల్లాడికి ఒక్క దగ్గుతో వచ్చేది ఆయనకు పది దగ్గులకు వస్తుంది. దగ్గు రావాలని మెదడుకు కబురు తెలియడం కూడా మందగిస్తుంది. అందుకే పొలమారినా కొందరు ముసలివాళ్ళకు దగ్గు రాదు. తిన్నది, ఉమ్మి, నోట్లోని క్రిములు చప్పుడు లేకుండా ఊపిరి గొట్టంలోకి జారతాయి. దగ్గే ముసలాయన కంటే దగ్గాల్సిన వేళ దగ్గని ముసలాయన గురించే భయపడాలి. ఈ మాట మా ఆయన వార్డులో ఉండగా ఒక ఫిజియోథెరపీ అమ్మాయి నాకు చెప్పింది. ఆ అమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. ఆమెకు చేతులెత్తి మొక్కాలి.

సిరప్ సంగతి విడిగా చెప్పాలి. ‘దగ్గు మందు’ అనేది ఒకటి కాదు. మేం తెచ్చిన సీసా మీద తరవాత భూతద్దం పెట్టి చదివాను. అందులో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంది, క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. మొదటిది మెదడులో దగ్గును అణిచేది. రెండోది నిద్ర తెప్పించి తడిని ఆర్పేది. పొడి దగ్గుతో నిద్రలేని పడుచువాడికి అది పనికిరావచ్చేమో. గల్ల పడే ముసలి మనిషికి ఇస్తే ఉన్న ఒక్క చీపురునూ దాచేసినట్టే. పైగా ఆ నిద్రమందు వల్ల ముసలివాళ్ళకు మతి తప్పడం, మగవాళ్ళకు మూత్రం బిగవడం కూడా జరగొచ్చు. గల్లను పల్చన చేసే మందులు వేరే ఉన్నాయి, అంబ్రాక్సాల్, బ్రోమ్‌హెక్సిన్ లాంటివి. ఈ బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం మన అడ్డసరమే. ఆ ఆకులో ఉండే వాసిసిన్ అనే పదార్థాన్ని చూసి తయారుచేశారు. మా అమ్మ కంచెలో అడ్డసరం ఆకు కోసుకొచ్చి, వాడ్చి, రసం పిండి తేనెలో ఇచ్చేది. అట్లాగని ఆకు దంచి ఎవరికి వాళ్ళు తాగమని నేను చెప్పను. కడుపులో పుండు ఉన్నవాళ్ళకు గల్ల పల్చన చేసే మందు కూడా డాక్టరు చూసే ఇవ్వాలి. నేను అడిగేదల్లా, మందుల షాపులవాళ్ళు సీసా ఇచ్చేముందు రెండు ప్రశ్నలు వేయాలని. వయసెంత? గల్ల పడుతోందా? ఈ రెండింటికీ అర నిమిషం చాలు.

ఆ ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పినది మీ పాఠకులకు కూడా చెప్తాను. కుర్చీలో వీపు నిటారుగా పెట్టి కూర్చోవాలి. కాసేపు మామూలుగా, నెమ్మదిగా ఊపిరి తీయాలి. తరవాత మూడు నాలుగుసార్లు నిండుగా పీల్చి, రెండు మూడు సెకన్లు ఆపి వదలాలి. అప్పుడు నోరు తెరిచి, గొంతు బిగించకుండా, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు ‘హా’ అని కడుపులోంచి వదలాలి. ఒకటి రెండు సార్లు. మళ్ళీ నెమ్మది ఊపిరి. ఇట్లా రెండు మూడు విడతలు చేస్తే గల్ల గొంతు దాకా జరిగి వస్తుంది, అప్పుడు ఒక్క దగ్గు చాలు. ఖళ్ళుఖళ్ళుమని పది దగ్గితే కళ్ళు తిరుగుతాయి, పక్కటెముకలు నొప్పి పుడతాయి. ‘హా’తో చప్పుడూ తక్కువ. అన్నం తినగానే చేయకూడదు. మా ఆయన ఇప్పుడు నాలుగున్నరకు లేచి నీళ్ళు తాగి, శొంఠి కాఫీ వేడిగా నాలుగు గుక్కలు తీసుకుని, తలుపు వేసుకుని ఇదే చేస్తారు. మునుపు పావుగంట పట్టేది ఇప్పుడు పది నిమిషాల్లో అయిపోతోంది. ఇంత చిన్న విద్య 78 ఏళ్ళు వచ్చి, న్యుమోనియా వచ్చి, వార్డులో పడితే గానీ ఆయనకు ఎవరూ నేర్పలేదే అని బాధ. బీపీ చూపించుకోవడానికి వెళ్ళిన ప్రతి ముసలివాళ్ళకీ ఒక్కసారి ‘ఏదీ, హా అను’ అని నేర్పి పంపితే డాక్టర్లకు పోయేదేముంది?

నడక కూడా గల్లను కదుపుతుంది. యూనివర్సిటీ ఆవరణలో పొద్దున నడిచే పెద్దవాళ్ళను చూడండి, రెండో చుట్టులో అందరూ గొంతు సవరించుకుంటూ ఉంటారు. మా ఆయన వయసులో ఉన్నప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిన మనిషి. ఇప్పుడు పాదాల మండపం దాకా వెళ్ళి దణ్ణం పెట్టుకుని తిరిగొస్తారు. అదే చాలు. ఆవిరి పట్టుకుంటే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ వణికే చేతులతో మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పుకుని కూర్చోవద్దు. గిన్నె ఒలికి తొడలు కాలినవాళ్ళను చూశాను. ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. రాత్రి పడుకునే ముందు పళ్ళు తోముకోవాలి, కట్టుడు పళ్ళు తీసి కడగాలి. నోట్లో క్రిములు తక్కువుంటే, నిద్రలో ఊపిరి గొట్టంలోకి జారేవీ తక్కువుంటాయి. తిన్నాక అరగంట నడుం వాల్చకూడదు. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా డాక్టరు చెప్పిన ప్రకారం వేయించుకోవాలి. ముసలివాళ్ళకు టీకాలుంటాయనే చాలామందికి తెలియదు, మాకూ ఆసుపత్రి నుంచి వచ్చాకే తెలిసింది.

ప్రతి దగ్గూ వయసు దగ్గేనని నేను చెప్పడం లేదు. అట్లా చెప్తే 31 ఏళ్ళ నా పనికి నేనే ద్రోహం చేసినట్టు. రెండు వారాలు దాటిన కొత్త దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గల్లలో నెత్తురు జీర, వీటిలో ఏదున్నా తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో డబ్బు తీసుకోరు. ‘ముసలాయనకు ఎప్పుడూ ఉండేదే’ అని ఇంట్లోవాళ్ళు తేలిగ్గా తీసుకోవడం వల్ల ముదిరిపోయి వచ్చిన క్షయ కేసులు ఎన్నో నా బల్ల మీదుగా పోయాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో వందేళ్ళ కిందటే క్షయ శానటోరియం వెలసిన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనది, క్షయ సంగతి మనకు ఒకరు చెప్పాలా? రోజూ పడే తెల్ల గల్ల పచ్చగానో ఆకుపచ్చగానో మారి ఎక్కువైనా, ఆయాసం తోడైనా ఆగకూడదు. ముసలివాళ్ళకు న్యుమోనియా జ్వరంతోనే రావాలని లేదు. మతిమరుపుగా, మగతగా, తిండి మానేయడంగా రావచ్చు. ‘అక్కా’ అన్న ఆ పిలుపు నాకు నేర్పిన పాఠం అది. ఇంకో సంగతి. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బిళ్ళలు వాడేవాళ్ళలో కొందరికి గల్ల లేని పొడి దగ్గు పట్టుకుంటుంది. బిళ్ళ మానేయకండి, డాక్టరుకు చెప్పండి, మారుస్తారు.

గల్ల ఎక్కడ వేయాలన్నది కూడా నాకు ముఖ్యమే. రోడ్డు మీద, బస్సు కిటికీలోంచి, మెట్ల మూల ఉమ్మేవాళ్ళను నేను ఎప్పుడూ సమర్థించను. కానీ బస్టాండులో, బ్యాంకులో, పింఛను కోసం కూర్చునే వరండాల్లో ముసలి మనిషికి దగ్గు వస్తే వెళ్ళడానికి నీళ్ళున్న ఒక బేసిన్ ఎన్నిచోట్ల ఉంది? ఆ మనిషి కొంగులోనో తువ్వాల్లోనో వేసుకుని సిగ్గుతో ముడుచుకుపోతాడు, లేకపోతే మింగుకుని కూర్చుంటాడు. ఒక బేసిన్, ఒక కుళాయి, దాని మీద ‘పెద్దలు ఇక్కడ గొంతు సవరించుకోవచ్చు’ అని ఒక మాట ఉంటే చాలు. ఇంట్లో అయితే మూత ఉన్న డబ్బా, అందులో కొంచెం ఫినాయిలు, రోజూ పాయిఖానాలో పారబోసి కడగడం. పడకలో ఉన్నవాళ్ళకు తప్పనిసరిగా.

నగరపాలక సంస్థవారికి ఒక మనవి. మా వీధిలో తెల్లవారుజామున ఊడ్చిన ఆకులు, ప్లాస్టిక్ కవర్లు కుప్పపోసి అంటిస్తారు. చలికాలంలో ఆ పొగ పైకి లేవదు, మొదటి అంతస్తు దాకా పరుచుకుంటుంది. నూగు వేగంగా కొట్టుకునే పిల్లలకే అది చెడుపు, కొట్టుకోలేని నూగుతో ఉన్నవాళ్ళ సంగతి చెప్పాలా? భోగి మంటల్లో పాత టైర్లు వేయకండని కూడా మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. పిడకలు, కట్టెలు వేసినా పొగే, కాదనను. కానీ టైరు పొగ వేరు. పోయిన భోగి నాడు ఆసుపత్రి నుంచి వచ్చి అయిదు రోజులైన మా ఆయన్ని లోపలి గదిలో పెట్టి, తలుపు కింద తడిగుడ్డ కుక్కి కూర్చున్నాను.

మా అపార్ట్‌మెంట్‌వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆయన ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ పక్కింటి అమ్మాయి, ఆ చంటిబిడ్డ తల్లే, మాకు క్యారియర్ కట్టి పంపింది. ఆ నోటీసు రాసినాయన తన కారులో మా అబ్బాయిని రెండుసార్లు దించారు. దగ్గుకూ నోటీసుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉండొచ్చని ఎవరికీ తట్టలేదంతే. నేను కూడా ఆ మాట ఎత్తలేదు, ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక. కాగితం ఇంకా లిఫ్టులోనే ఉంది. తేమకు ఒక మూల ఊడి వేలాడుతోంది. ఈ ఉత్తరం మీరు అచ్చువేస్తే, దాన్ని కత్తిరించి ఆ కాగితం పక్కనే అంటించుకోవడానికి కార్యదర్శిగారిని అనుమతి అడుగుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లాబ్ టెక్నీషియన్,
బైరాగిపట్టెడ, తిరుపతి.